బాత్రూం పగలగొట్టి వదిలేశారు, అద్దె మాత్రం మొత్తం కట్టాలా?

ఈ వారం పి.ఎఫ్. విత్‌డ్రాయల్ గురించి చెప్తానని పోయినసారి మాటిచ్చాను. దాన్ని ఒక వారం వెనక్కి జరుపుతున్నాను, ఏమీ అనుకోకండి. కూకట్‌పల్లి నుంచి ఒకావిడ పంపిన మెసేజ్ చదివాక వేరే ఏదీ మాట్లాడబుద్ధి కాలేదు.

ఆవిడ రాసింది క్లుప్తంగా ఇదీ. రెండు బెడ్‌రూముల ఫ్లాట్. ఉన్నవి రెండు బాత్రూములు. ఒకదాంట్లోంచి కింది ఫ్లాట్‌లోకి నీళ్ళు కారుతున్నాయని ఓనర్ గారు మేస్త్రీని పంపారు. మేస్త్రీ టైల్స్ అన్నీ పగలగొట్టి, రెండు బస్తాల సిమెంటు హాల్లో పెట్టి వెళ్ళాడు. తొమ్మిది వారాలయింది. అత్తగారికి మోకాళ్ళ నొప్పి, వెస్టర్న్ కమోడ్ ఉన్నది పగలగొట్టిన బాత్రూంలోనే. పెద్దావిడని వాళ్ళ పెద్దబ్బాయి ఇంటికి పంపించేశారు. ఇప్పుడు ఓనర్ గారు ఒకటో తారీఖున ఫోన్ చేసి అద్దె అడిగారు. "వచ్చే నెల నుంచి అద్దె ఆపేద్దామనుకుంటున్నాం, ఆపొచ్చా?" అని ఆవిడ ప్రశ్న.

ఒక్కమాటలో జవాబు: ఆపకండి. ఎందుకు ఆపకూడదో, ఆపకుండా ఏం చెయ్యొచ్చో చెప్పడానికే ఈ ఎపిసోడ్. ఎందుకంటే నేను ఆపాను. ఆపి దెబ్బతిన్నాను.

మాది నల్లకుంట దగ్గర ఒక పాత అపార్ట్‌మెంట్, రెండో అంతస్తు. అద్దె 12,000, అడ్వాన్స్ రెండు నెలలది, 24,000. జూన్ చివర్లో వానలు మొదలవగానే పిల్ల గదిలో సీలింగ్‌కి చెమ్మ పట్టింది. ఓనర్ గారికి ఫోన్ చేశాను. "పై ఫ్లాట్ వాళ్ళ బాత్రూందమ్మా, వాళ్ళతో మాట్లాడతాను" అన్నారు. పై ఫ్లాట్ వాళ్ళు "అది కామన్ పైపు, అసోసియేషన్ చూసుకోవాలి" అన్నారు. అసోసియేషన్ ప్రెసిడెంట్ "ఓనర్లు ఇద్దరూ తేల్చుకోవాలి" అన్నారు. ఒక సాయంత్రం పెచ్చు ఊడి పిల్ల చదువుకునే బల్ల మీద పడింది. అది పాలు తాగడానికి వంటింట్లోకి వచ్చింది కాబట్టి సరిపోయింది. ఇంకో గంటకి ఆ గది స్విచ్‌బోర్డులోంచి చిటపటమని చప్పుడు. రాత్రికి రాత్రి ఎలక్ట్రీషియన్ని పిలిచి 6,500 పెట్టి వైరింగ్ మార్పించాను.

ఇల్లు మారిపోదాం అన్నాను. ఆషాఢం, ఇప్పుడు ఎవరైనా ఇల్లు మారతారా అన్నారు మా అత్తగారు. శ్రావణం వచ్చేసరికి మేస్త్రీ పని మొదలైంది, కాబట్టి ఆగాం. సీలింగ్ కొట్టేసి, గది నిండా మట్టి పోసి, మేస్త్రీ వాళ్ళ ఊరు వెళ్ళాడు. మేం సామాన్లు ఒక గదిలో కుక్కి ఉప్పల్‌లో మా అక్క ఇంట్లో అయిదు వారాలున్నాం. రోజూ పిల్లని ఉప్పల్ నుంచి స్కూలుకి తీసుకురావడం, మళ్ళీ తీసుకెళ్ళడం. అప్పుడు నాకు కోపం వచ్చి రెండు నెలలు అద్దె కట్టలేదు. ఓనర్ గారు లాయర్‌తో నోటీసు పంపించారు: రెండు నెలల బాకీ, పదిహేను రోజుల్లో ఖాళీ చెయ్యండి. మా పదకొండు నెలల అగ్రిమెంటు ఎప్పుడో అయిపోయింది, మళ్ళీ రాసుకోలేదు. చేతిలో ఏముందని చూస్తే ఏమీ లేదు. అన్నీ ఫోన్‌లో మాటలే. ఎలక్ట్రీషియన్ బిల్లు కూడా తీసుకోలేదు. బాకీ కింద 24,000 అడ్వాన్స్ పోయింది. 6,500 పోయింది. కొత్త ఇంటికి బ్రోకర్‌కి ఒక నెల అద్దె, ట్రక్కు ఖర్చు, అన్నీ కలిపి ఇంకొంత. "మాకే అన్యాయం జరిగింది కదా" అని చెప్తే మా తరఫు లాయర్ గారు అడిగింది ఒకటే: "కాగితం ఏదమ్మా?"

సరే, నా గొడవ అయిపోయింది. ఇప్పుడు చట్టం.

చాలామంది "రెంట్ కంట్రోల్ యాక్ట్ ఉంది కదండీ" అంటారు. ఉంది. 1960లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వచ్చిన చట్టం, తెలంగాణలో ఇప్పటికీ దాన్నే వాడుతున్నారు. అందులో మంచి రక్షణలే ఉన్నాయి. కారణం లేకుండా ఓనరు నీళ్ళు, కరెంటు లాంటి సౌకర్యాలు ఆపకూడదు. రిపేర్ల కోసం ఇల్లు ఖాళీ చేయించాలంటే రెంట్ కంట్రోలర్ దగ్గరికి వెళ్ళాలి, పని అయ్యాక అదే కిరాయిదారుకి తిరిగి ఇస్తానని హామీ రాసివ్వాలి. వినడానికి ఎంత బాగుందో కదా? కానీ మినహాయింపుల దగ్గర ఒక లైనుంది. 2005 సవరణ ప్రకారం మున్సిపల్ కార్పొరేషన్ పరిధిలో నెల అద్దె 3,500 దాటితే, మిగతా చోట్ల 2,000 దాటితే, ఆ చట్టం వర్తించదు. హైదరాబాద్‌లో ఇప్పుడు 3,500కి ఏం వస్తుంది చెప్పండి? పాతబస్తీలో ఒక గది వస్తుందేమో. ఈ వీడియో చూస్తున్నవాళ్ళలో నూటికి తొంభైమంది ఆ చట్టం బయటే ఉంటారని నా అంచనా. ఆంధ్రప్రదేశ్‌లో ఉన్నవాళ్ళకి 2017లో వేరే అద్దె చట్టం చేశారు. అక్కడివాళ్ళు మీ ఊళ్ళో లాయర్ని దాని గురించే అడగండి. నేనిప్పుడు చెప్పేది హైదరాబాద్ ఫ్లాట్ల సంగతి.

మరి మనకి ఏ చట్టం? 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం, ట్రాన్స్‌ఫర్ ఆఫ్ ప్రాపర్టీ యాక్ట్. నూట నలభై ఏళ్ళ పైబడిన చట్టం, బ్రిటిష్ వాళ్ళ కాలంది. అందులో 108వ సెక్షన్ కిరాయిదారు, ఓనరు ఇద్దరి హక్కులూ బాధ్యతలూ చెప్తుంది. మనకి కావలసినవి అందులో నాలుగైదు ముక్కలే.

మొదటిది, అందరూ గుర్తుపెట్టుకోవలసింది: 108(బి)(ఎఫ్). ఓనరు చెయ్యాల్సిన రిపేరు చెయ్యకపోతే, కిరాయిదారు నోటీసు ఇచ్చి, సమంజసమైన టైము ఇచ్చి, అప్పటికీ చెయ్యకపోతే తనే చేయించుకుని ఆ ఖర్చుని వడ్డీతో సహా అద్దెలోంచి తగ్గించుకోవచ్చు. అవునండి, వడ్డీతో సహా. 1882లోనే రాశారు.

కానీ ఆగండి. యూట్యూబ్‌లో చాలామంది ఇక్కడితో ఆపేస్తారు. ఆ వాక్యంలో ఒక మాట ఉంది: ఓనరు "చెయ్యడానికి బద్ధుడైన" రిపేరు. ఎవరు బద్ధుణ్ణి చేస్తారు? ఇల్లు ఎప్పుడూ బాగుచేసి ఉంచాలని ఈ చట్టం ఓనరు మీద ఎక్కడా సూటిగా భారం పెట్టలేదు. మీ అగ్రిమెంటు పెట్టాలి, లేదా ఆ ఊరి ఆనవాయితీ పెట్టాలి. అంటే మీ పదకొండు నెలల అగ్రిమెంటులో రిపేర్ల గురించి ఒక్క ముక్క లేకపోతే, ఈ సెక్షన్ పట్టుకుని వెళ్ళినా ఓనరు లాయరు "మా క్లయింటు ఎక్కడ ఒప్పుకున్నాడండీ?" అంటాడు. ఇంకా ఘోరం, కొన్ని అగ్రిమెంటుల్లో "అన్ని రిపేర్లూ కిరాయిదారే చేయించుకోవాలి" అని టైపు చేసి ఉంటుంది. స్టాంపు పేపరు అమ్మే చోట ఎప్పటిదో పాత ఫార్మాట్, పేర్లు మార్చి ప్రింట్ తీసిస్తారు. మనం చదవకుండా ప్రతి పేజీ మీదా సంతకం పెడతాం. నేనూ అలాగే పెట్టాను. వెళ్ళి మీ బీరువాలో ఉన్న అగ్రిమెంటు ఒకసారి తీసి చదవండి. ఇప్పుడే కాదులెండి, ఎపిసోడ్ అయ్యాక.

కూకట్‌పల్లి ఆవిడకి ఇక్కడ ఒక బలం ఉంది. ఓనర్ గారే పని మొదలుపెట్టారు. నేను చేయిస్తాను అని వాట్సాప్‌లో రాశారు కూడా, ఆవిడ స్క్రీన్‌షాట్ పంపారు. బాధ్యత నాదేనని ఆయనే ఒప్పుకున్నట్టు చూపించడానికి అది పనికొస్తుంది. నాకు అదీ లేదు.

రెండోది 108(ఎ)(సి). కిరాయిదారు అద్దె కడుతూ, ఒప్పుకున్నవి పాటిస్తూ ఉన్నంతకాలం అడ్డంకి లేకుండా ఇంట్లో ఉండొచ్చని ఓనరు మాటిచ్చినట్టే లెక్క. అగ్రిమెంటులో రాయకపోయినా సరే. పగలగొట్టి తొమ్మిది వారాలు వదిలేస్తే అది అడ్డంకి కాకపోతే ఇంకేంటి? అయితే ఆ వాక్యం మొదట ఏముందో చూశారా? "అద్దె కడుతూ". మీరు అద్దె ఆపిన రోజున ఈ రక్షణని మీ చేత్తో మీరే తీసి పక్కన పెట్టినట్టు. నేను చేసింది అదే. అగ్రిమెంటు గడువు అయిపోయి ఉంటే ఇంకా ప్రమాదం. అప్పుడు మీది నెలనెలా నడిచే కిరాయి, 106వ సెక్షన్ ప్రకారం పదిహేను రోజుల నోటీసుతో ముగించొచ్చు. నోటీసు ఇచ్చినంత మాత్రాన మిమ్మల్ని బయటికి గెంటడానికి లేదు, కోర్టులో దావా వేసి గెలవాలి. కానీ బాకీ ఉందని రాసి ఉన్న దావా ఒకటి మీ మీద నడుస్తుంది.

అద్దె తగ్గించి కట్టొచ్చా? ఇది మంచి ప్రశ్న. 1966లో సుప్రీంకోర్టుకి కలకత్తా నుంచి ఒక కేసు వచ్చింది. మూడు బెడ్‌రూముల ఫ్లాట్ అని అద్దెకిచ్చి, ఒక బెడ్‌రూం ఓనరు అప్పగించలేదు. కిరాయిదారు మొత్తం అద్దె కట్టనన్నాడు. కోర్టు ఏమంది? మొత్తం ఆపడం న్యాయం కాదు, అప్పగించని గది వాటా తగ్గించుకుని మిగతాది కట్టాలి. ఏ కేసులో ఎంత అన్నది అక్కడి పరిస్థితులని బట్టి ఉంటుంది అంది. మన ఆవిడ కేసు సరిగ్గా అదే కాదు. ఆమెకి బాత్రూం ఇచ్చారు, తరవాత పగలగొట్టారు. కానీ మాట్లాడుకోవడానికి అదొక దారి. అందుకే ఆవిడకి నా సలహా: మీ అంతట మీరు కోసుకోకండి. ఇన్ని వారాలు ఒక బాత్రూం, గది వాడుకోలేకపోయాం కాబట్టి ఇంత తగ్గించండి అని కాగితం మీద అడగండి. ఆయన సరే అని రాసిస్తే అప్పుడు తగ్గించండి. ఒప్పుకోకపోతే పూర్తి అద్దె బ్యాంకు ద్వారా పంపుతూ, "హక్కులు వదులుకోకుండా కడుతున్నాం" అని ఒక లైను రాయండి. యూపీఐలో నోట్ రాసే చోటు ఉంటుంది కదా, అక్కడ కూడా "రిపేరు పెండింగ్, ఫలానా నెల అద్దె" అని రాయండి. ఆ చిన్న గడిని మనం ఎప్పుడూ వాడం.

ఇల్లు పూర్తిగా ఉండలేనంతగా పాడైతే? 108(బి)(ఇ) అని ఒకటుంది. అగ్ని, తుఫాను, వరద లాంటి వాటివల్ల ఇంట్లో ముఖ్యమైన భాగం శాశ్వతంగా పనికిరాకుండా పోతే, కిరాయిదారు తనకి ఇష్టమైతే ఒప్పందాన్ని రద్దు చేసుకోవచ్చు. శాశ్వతంగా అన్న మాట మీదే అంతా ఉంది. 2020 లాక్‌డౌన్‌లో షాపు మూతపడింది, అద్దె ఆపండి అని ఢిల్లీ హైకోర్టులో ఒక కిరాయిదారు దీన్నే పట్టుకున్నాడు. తాత్కాలికంగా వాడుకోలేకపోవడం దీని కిందికి రాదని, షాపు మీ చేతిలోనే ఉంచుకుని అద్దె కట్టననడం కుదరదని కోర్టు చెప్పింది. కాబట్టి సామాన్లు లోపలే పెట్టి, తాళం మన దగ్గరే ఉంచుకుని, "మేం అక్కడ ఉండట్లేదు కదా" అంటే సరిపోదు. మేం ఉప్పల్‌లో ఉన్న అయిదు వారాలూ చట్టం దృష్టిలో ఆ ఇల్లు మా చేతిలోనే ఉంది.

ఇప్పుడు అసలు పని, ఉత్తరం. భయపడకండి, లాయర్ భాష అక్కర్లేదు. ఇలా రాయొచ్చు:

"అయ్యా, మీ ఫ్లాట్‌లో మేం ఫలానా తేదీ నుంచి అద్దెకి ఉంటున్నాం. ఫలానా తేదీన మీరు పంపిన మేస్త్రీ బాత్రూం టైల్స్ తీసేశారు. ఫలానా తేదీ నుంచి పని ఆగిపోయింది. ఫొటోలు జతచేశాం. మా ఇంట్లో పెద్దావిడ దీనివల్ల ఇక్కడ ఉండలేకపోతున్నారు. ఈ ఉత్తరం అందిన పదిహేను రోజుల్లో పని పూర్తి చేయించండి. లేనిపక్షంలో మేమే చేయించి, బిల్లులు మీకు పంపి, ఆ మొత్తాన్ని అద్దెలో తగ్గించుకుంటాం. ఇప్పటిదాకా అద్దె బాకీ లేదు."

అంతే. ఆ చివరి వాక్యం నిజమై ఉండాలి, అందుకే ముందు అద్దె కట్టండి అంటున్నాను. స్పీడ్ పోస్టులో అక్నాలెడ్జ్‌మెంటుతో పంపండి, ఆ కాపీనే వాట్సాప్‌లో కూడా పెట్టండి. పదిహేను రోజులని చట్టంలో లేదు, సమంజసమైన టైము అని మాత్రమే ఉంది. బాత్రూంకి పదిహేను రోజులు చాలు. కరెంటు షాక్ కొడుతుంటే రెండు రోజులు కూడా ఎక్కువే. పని మొదలుపెట్టే ముందు ఇద్దరు మేస్త్రీల దగ్గర అంచనా రాయించుకుని అదీ ఓనరుకి పంపండి, తరవాత "అంతెందుకయింది?" అన్న గొడవ ఉండదు. మన మేస్త్రీలు బిల్లు ఇవ్వరు, నాకు తెలుసు. చిట్టీ మీద రాయించి సంతకం తీసుకోండి, డబ్బు నగదుగా కాకుండా ఫోన్‌లో పంపండి. టైల్స్, సిమెంటు కొన్న షాపు బిల్లులు మీ పేరు మీద తీసుకోండి. మార్బుల్ వేయించి ఓనరు ఖాతాలో రాయకండి. ఉన్నది ఉన్నట్టు చేయించడం వరకే.

మాట్లాడగలిగే ఓనరు అయితే ఉత్తరానికి ముందు ఒకసారి ఇంటికి వెళ్ళి మాట్లాడండి. చాలామంది ఓనర్లు రిటైరైనవాళ్ళు, ఆ అద్దె మీదే బతికేవాళ్ళు. పైపులకి, వాటర్ ప్రూఫింగ్‌కి లక్ష అడిగితే వాళ్ళ దగ్గర ఉండకపోవచ్చు. మా ఓనర్ గారి దగ్గర నిజంగా లేదని తరవాత తెలిసింది. "ఖర్చు నేను పెడతాను, ఆరు నెలల్లో అద్దెలో సర్దుకుందాం" అని నేను ఒక మాట అనుంటే ఆయన సంతోషంగా ఒప్పుకునేవారేమో. మాట్లాడుకున్నాక మాత్రం ఇంటికొచ్చి "మనం ఇలా అనుకున్నాం కదండీ" అని మెసేజ్ పెట్టండి.

ఓనరు కోపంతో నీళ్ళు కట్టేస్తే, తాళం మార్చేస్తే? కోర్టు ఆర్డరు లేకుండా ఇంట్లోంచి గెంటేస్తే, స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం 6వ సెక్షన్ కింద ఆరు నెలల లోపు దావా వేసి తిరిగి స్వాధీనం తెచ్చుకోవచ్చు. ఆ దావాలో ఇల్లు ఎవరిదన్న ప్రశ్న రాదు, ఎవరు ఉంటున్నారన్నదే. కరెంటు కనీస అవసరమని, ఓనరు ఒప్పుకోలేదన్న ఒక్క కారణంతో కిరాయిదారుకి కాదనకూడదని 2022లో సుప్రీంకోర్టు చెప్పింది. కోర్టు ఖర్చులకి భయపడేవాళ్ళు 15100కి ఫోన్ చెయ్యండి, అది లీగల్ సర్వీసెస్ వాళ్ళ నంబరు. ఆడవాళ్ళకి, ఎస్సీ ఎస్టీలకి ఆదాయంతో పని లేకుండా ఉచితంగా లాయర్ని ఇస్తారు. నాకు అప్పట్లో ఈ సంగతి తెలియదు. దావా దాకా వెళ్ళకముందే ఇద్దర్నీ పిలిచి కూర్చోబెట్టే ఏర్పాటు కూడా వాళ్ళ దగ్గర ఉంటుంది.

జీహెచ్ఎంసీకి కంప్లైంట్ చెయ్యమని కొందరు కామెంట్ పెడతారు. చెయ్యొచ్చు. కూలిపోయేలా ఉన్న కట్టడాల మీద చర్య తీసుకునే అధికారం వాళ్ళకి 456వ సెక్షన్ కింద ఉంది, వానాకాలం ముందు పాత భవనాలకి నోటీసులిచ్చేది దానికిందే. కానీ ఆ నోటీసు వస్తే ఖాళీ చెయ్యాల్సింది ముందు మీరే. ప్రాణాపాయం ఉందనుకుంటే వెనకాడకండి. చెమ్మకి, టైల్స్‌కి మాత్రం ఆ దారి వద్దు.

ఇక కొత్తగా ఇల్లు చూసుకుంటున్నవాళ్ళకి. 2021 జూన్‌లో కేంద్ర కేబినెట్ నమూనా అద్దె చట్టాన్ని ఆమోదించింది. అది నమూనా మాత్రమే, రాష్ట్రాలు తమ చట్టంగా చేసుకుంటేనే అమలు. కానీ దాని చివర ఒక పట్టిక ఉంది, బంగారం లాంటిది. గోడలు, స్లాబు లాంటి కట్టడం పనులు, సున్నం, రంగులు, పైపులు మార్చడం, కరెంటు వైరింగ్ ఓనరువి. కుళాయి వాషర్లు, డ్రైనేజీ శుభ్రం, గీజరు, స్విచ్చులు, తలుపు గొళ్ళేలు, కిటికీ అద్దాలు కిరాయిదారువి. ఓనరు చెయ్యకపోతే కిరాయిదారు చేయించుకుని నెలకి సగం అద్దె మించకుండా తగ్గించుకోవచ్చని అందులో ఉంది. ఇల్లు ఉండటానికి వీల్లేకుండా ఉండి, రాసి అడిగినా చెయ్యకపోతే పదిహేను రోజుల నోటీసుతో వెళ్ళిపోవచ్చని కూడా ఉంది. చట్టం మన దగ్గరికి వచ్చేదాకా ఎందుకు ఆగాలి? ఆ పట్టికని మీ అగ్రిమెంటులో రాయించుకోండి. అప్పుడు నేనిందాక చెప్పిన "బద్ధుడైన" అన్న మాటకి జవాబు మీ కాగితంలోనే ఉంటుంది. పెద్ద రిపేరుకి ఇల్లు వదిలి ఉండాల్సి వస్తే ఆ రోజులకి అద్దె ఉండదు అని ఇంకో లైను కలపండి. నేను ఇప్పుడున్న ఇంటికి ఇలాగే రాయించాను. ఓనర్ గారు చదివి, "రంగులు మాత్రం మీరే వేయించుకోవాలమ్మా" అన్నారు. సరే అని అది కొట్టేశాం, మిగతావన్నీ ఉన్నాయి.

కూకట్‌పల్లి అమ్మా, ఉత్తరం కాపీ డిస్క్రిప్షన్‌లో పెట్టాను. తేదీలు నింపి రేపే పోస్టు చెయ్యండి. పదహారో రోజున ఏమైందో నాకు రాయండి, తరవాతి సంగతి అప్పుడు చూద్దాం. వచ్చే వారం పి.ఎఫ్., ఈసారి తప్పకుండా.